మంగీలాల్‌గారి వర్ణ సంస్కరణ

ఖానాపురం హవేలిలోని ఆ రెండు గదుల అద్దె ఇంట్లో పొద్దున్నే మొదట లేచేది పూలి. తర్వాత ఆమె భర్త మంగీలాల్. భద్రాచలం బస్సులో ఉద్యోగకాలమంతా కండక్టరుగా ప్రజలను పరిపాలించి, చిల్లర పంపకంలో సైతం పక్షపాతమెరుగడన్న కీర్తితో దిగిపోయిన ఆ మహానుభావుడు, ఏలుకోవడానికి రాజ్యం లేక కొంతకాలం తల్లడిల్లాడు. ఇటీవలే ఆయనకొక రాజ్యం దొరికింది. అది కూతురు సోని కొత్త ల్యాప్‌టాప్.

సోని పెళ్లి ఆల్బములు తయారుచేస్తుంది. స్టూడియోవాళ్లు పంపిన ఫొటోల్లో రంగులు సరిదిద్ది, పేజీలు కూర్చి ఇస్తే వాళ్లు అచ్చు వేసుకుంటారు. ఆ పనికోసమే ల్యాప్‌టాప్ కొన్నది. డబ్బా విప్పిన రోజునే మంగీలాల్ తెర వంక చూసి పెదవి విరిచాడు. రంగులు నీరసంగా ఉన్నాయి. "మంచిగనే ఉంది బాపూ" అని సోని అంటే, పిల్ల మోసపోయి కూడా మొహమాటపడుతోందని జాలిపడ్డాడు. ఫోనులో వీడియోలు చూసి, రంగుల గాఢత పెంచే మీట సెట్టింగుల్లో ఎక్కడ దాగి ఉందో కనిపెట్టాడు. నాటినుంచి ప్రతి ఉదయం, కూతురు లేవకముందే, దాన్ని వెంట్రుకవాసి కుడికి జరపడం ఆయన నిత్యానుష్ఠానమైంది. ఒక్కసారిగా పెంచితే పిల్ల కళ్లు అదురుతాయని ఆ నిదానం. పుణ్యకార్యం గనుక ఎవరికీ చెప్పలేదు.

ఆనాటి అనుష్ఠానం ముగించి ఆయన టీ తాగుతుండగా, లోపల జడ వేసుకుంటున్న సోనికి ఫోన్ వచ్చింది. స్టూడియో యజమాని వెంకటకృష్ణ. ఆమె స్పీకరు పెట్టింది.

"ఏంటమ్మా సోనీ, ఆల్బం అచ్చయి వచ్చింది. పెళ్లికూతురి ఎర్రచీర ఇటుకపొడిలా ఉంది. చుట్టాలంతా జ్వరం పడి లేచినట్టున్నారు. పిల్ల తండ్రి వచ్చి నా టేబులు మీద పడేసి పోయాడు."

"నా తెర మీద మంచిగనే ఉంది సార్. రంగులు ఎక్కువున్నయని నేనే జర తగ్గించిన."

"తగ్గించావా? మధ్యాహ్నానికల్లా సరిచేసి పంపు. ఇదీ ఇలాగే వస్తే పని ఇంకొకరికి ఇస్తాను. ఏమీ అనుకోకు."

జడ సగంలో ఆగిపోయింది. బట్టల షాపులో పొద్దంతా నిలబడి, కాళ్లు వాచి, చివరికి కూర్చుని చేసుకునే ఈ పనిని సంపాదించుకుంది సోని. పరుగున వచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది. ఏ ఫొటో చూసినా భగ్గుమంటోంది. అనుమానం వచ్చి సెట్టింగుల్లోకి వెళ్లింది. మీట కుడికొసన ఉంది.

"యాడీ, దీన్నెవరు ముట్టుకున్నరు?"

కుట్టుపనిలో ఉన్న తల్లి, తలెత్తి భర్తను చూసింది.

"నేనే," అన్నాడు మంగీలాల్, శిలాశాసనం వేయించిన చక్రవర్తి స్వరంతో. "కొత్త సామానుకు రంగే లేకపాయె. జర బాగు చేసిన."

"నువ్వు పెంచుకుంట పోయినవ్, నేను తగ్గించుకుంట పోయిన. తెర మీద సక్కగ కనవడ్డది, కాయితం మీద పాలిపోయింది. నా పని తీసేస్తివి బాపూ."

"ఇప్పుడు మాత్రం అండ్ల ఏం రంగున్నది? ఆ పిల్ల చీర ఎండల మర్చిపోయినట్టున్నది."

సోని తల్లి దగ్గరికి వెళ్లింది. పూలి తన చెల్లెలి బిడ్డ శ్రావణి పెళ్లికోసం అద్దాలు కుడుతున్న ఎర్రటి ఫేటియాను ఒడిలోంచి లాగి, ఆ లంగా అంచును తెర పక్కన పెట్టింది.

"చూడు. ఎరుపంటె ఇది. తెర దీనికంటె ఎంత మండుతున్నదో చూడు."

మంగీలాల్ న్యాయాధిపతివలె ముందుకు వంగి, చాలాసేపు చూశాడు.

"గుడ్డ గూడ వెలిసిందే," అని తీర్పు చెప్పాడు. "ఈ కాలం రంగులే గంత. మిరపకాయల గూడ ఎరుపు లేదు."

పూలి చేతిలో సూది ఆగింది. "అది నిన్న కొన్న గుడ్డ. ఇంక నీళ్లల్ల గూడ పెట్టలే."

మంగీలాల్ మనసులో పాత వ్యాజ్యాలన్నీ ఒక్కసారిగా తిరిగి విచారణకు వచ్చాయి. ఒకప్పుడు మిర్చి కొట్టువాణ్ని తిట్టాడు. గోడకు రంగు కల్తీదని పెయింటర్‌తో పోట్లాడాడు. టీవీని తప్పుపట్టాడు. అన్నింటికీ సాక్షులు తన కళ్లే. టిక్కెట్టు లేనివాడెవడని బస్సంతా గాలించిన కండక్టరుకు, తేడా తన సంచిలోనే తేలినట్టయింది.

సోని తండ్రి ఎదురుగా వచ్చి కూర్చుంది. "బాపూ, ఈ కన్ను మూసుకొని చూడు. ఇప్పుడు గా కన్ను."

"రెండిట్ల పొగలెక్కనే ఉంది."

"చెప్పొద్దా మరి?"

"పొగ అనుకోలే బిడ్డా. లోకమే గట్లయింది అనుకున్న."

పూలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎన్నడు ఏం కట్టుకున్నా వెలిసింది, వెలిసింది అంటివి."

"చీరనన్న."

"నన్నే అనుకున్న. ఎర్రయన్నీ పెట్టెల పెట్టేసిన."

మంగీలాల్ చేయి తువ్వాలకోసం వెతికింది. జీవితంలో తొలిసారి ఆయన వద్ద ఉత్తర్వేదీ లేదు. "సోనీ, నీ పని పోతదా?" అని మాత్రం అడిగాడు.

"మధ్యాహ్నం దాంక టైముంది. యాడీ, ఆ గుడ్డ గట్లనే పట్టుకో. పనైనంక కండ్ల దవాఖానకు పోదాం. శుక్లం పొర తీస్తే కనవడ్తది బాపూ, భయపడకు."

ఆమె మీటను మొదటి చోటికి జరిపింది. మంగీలాల్ చూపు ముందు లోకం మళ్లీ పాలిపోయింది. ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పూలి గుడ్డ పట్టుకుంది. సోని ఒక్కొక్క ఫొటోనే దిద్దుకుంటూ పోయింది. పొద్దు నడినెత్తికి రాకముందే వెంకటకృష్ణ నమూనా పేజీ అచ్చు తీసి చూసి, ఫోన్ చేశాడు. "ఇదమ్మా ఎరుపంటే. తర్వాతి పెళ్లి కూడా నువ్వే చెయ్యి."

ఆటో వీధిలో ఆగింది. పూలి చీర మార్చుకుని గడపలోకి వచ్చి నిలబడింది. ఏ రంగో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆయనకు కనిపించింది ఇటుకపొడే.

"మంచిగున్నది," అన్నాడు.

"నీకు కనవడదని నాకెరుకలే," అంది పూలి, ఆయన చేయి పట్టుకుని మెట్లు దింపుతూ. "వాపస్ వచ్చినంక చెప్దువు గాని."