బండారు అడిగిన ఎర్ర కారు

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

సూర్యుడు నడినెత్తిన ఉండవలసిన వేళ. కానీ ముంబై మీద కాటుక మేఘాలు దట్టంగా కమ్ముకున్నాయి. కామాఠీపుర గల్లీలు గుహల్లా నల్లబడ్డాయి. ఉరుము ఉరిమినప్పుడల్లా గదికో కుటుంబం ఉండే పాత చాళ్ల చెక్క మెట్లు వణుకుతున్నాయి. ఫాక్‌లాండ్ రోడ్డు వెనుక, ఎప్పుడూ మూసినట్టే ఉండే ఒక గ్యారేజీ రేకుల మీద గుడ్లగూబ కూర్చుని కూస్తోంది... పట్టపగలు!

ఆ గ్యారేజీలో ఒక ఎర్ర కారు. రెండే తలుపులు, నేలను తాకుతున్నట్టు వంగిన ఒళ్లు, పొడవాటి ముక్కు. ఇరవై ఏళ్లు దాటిన విదేశీ బండి. దాని డిక్కీ తెరిచి ఉంది. లోపల ఎర్ర గుడ్డ మీద ఒక కపాలం! కంటి గుంటల్లో కర్పూరం మండుతోంది. దాని ఎదుట నల్ల పంచె కట్టి, ఒంటినిండా భస్మం పూసుకుని కూర్చున్నవాడు మాంత్రికుడు వీరా బువా. అతను పాత బండ్లు అమ్ముతాడని లోకానికి తెలుసు. వాటికి బదులు ఏం తీసుకుంటాడో కొన్నవాళ్లకే తెలుసు... వాళ్లెవరూ తిరిగి వచ్చి చెప్పలేదు!

"వస్తడు..." అన్నాడు బువా, కపాలం నుదురు నిమురుతూ. "వాని సిగ్గే వాణ్ని తీసుకొస్తది!"

ఆ వచ్చేవాడి పేరు అతుల్. వర్లిలో ధనవంతుల జిమ్ములో వ్యాయామం నేర్పుతాడు. ముత్తాతలు పాలమూరు వైపు నుంచి రాళ్లు మోసే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. తండ్రి రాజలింగం పోయాక, చాల్లో ఒకే గదిలో తల్లి రత్నాబాయి, తను. జిమ్ములో ఎవరైనా "ఎక్కడుంటావు?" అంటే "ముంబై సెంట్రల్" అని చెప్పేవాడు. వేశ్యవాడగా పేరుపడ్డ కామాఠీపుర అనగానే ఎదుటివాళ్ల పెదవుల మీద ఒక నవ్వు పుడుతుంది. ఆ నవ్వు అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. పుట్టిన చోటుకు సిగ్గుపడటం ఆ పిల్లవాడి తప్పా, ఆ నవ్వు నవ్వినవాళ్ల తప్పా? నాకు తేల్చి చెప్పడం రాదు. కానీ ఆ సిగ్గు అక్కడితో ఆగలేదు. మెల్లగా పాకి పాకి తల్లి దాకా వచ్చింది.

రత్నాబాయికి బోనాల నాడు ఎల్లమ్మ తల్లి శిగం, అంటే పూనకం, వస్తుంది. జుట్టు విరబోసుకుని, వేపమండలు పట్టుకుని నడివీధిలో ఊగుతుంది. చాల్ అంతా చేతులు జోడిస్తుంది. నిరుడు ఆ వేళ జనంలో ఎవరో ఫోను ఎత్తి వీడియో తీయబోయారు. అది జిమ్ములో ఎవరి కంటనైనా పడితే! అతుల్ టోపీ ముఖం మీదికి లాక్కుని పక్క గల్లీలోకి తప్పుకున్నాడు.

ఆ జనంలోనే నిలబడి ఉన్నాడు వీరా బువా. ఊగుతున్న తల్లినీ చూశాడు... తప్పుకున్న కొడుకునీ చూశాడు!

ఈ ఏడు వానలు మొదలయ్యాక, ఎర్ర కారు అతుల్ నడిచే దారిలో అమ్మకానికి ప్రత్యక్షమైంది. చూసిన రోజు నుంచి అతనికి నిద్ర లేదు. చివరికి టాక్సీలు బాగుచేసే స్నేహితుడు బంటీని వెంటబెట్టుకుని దాన్ని పెట్టిన గ్యారేజీకి వెళ్లాడు. బంటీ లోపల కూర్చుని పకపకా నవ్వాడు.

"ఏంరా భావూ, దీన్ని కూసొని నడపాల్నా, పండుకొని నడపాల్నా?"

"నవ్వుడు బంద్ చేసి చూడరా."

"చూసిన. తలుపుల కింద తుప్పు పట్టింది. క్లచ్ బండరాయి లెక్క ఉంది. పార్టులు యాడ దొరకవ్. పెట్రోలు నీళ్ల లెక్క తాగుతది. మన గల్లీ గుంతలల్ల దీని కడుపు చీరుకపోతది. ఇంకేం కావాలె?"

"అన్నీ తెల్సురా. జిమ్ముల అందరు బండ్లల్ల దిగుతరు. నేను బస్సు దిగి, వానల తడిసి, వెనక గేటుకెల్లి పోత. ఒక్కసారి వాళ్లందరు చూస్తుండంగ దీంట్లకెల్లి దిగాలె. బస్."

"దిగుతవ్, సరే. రాత్రికి మళ్లా ఈడికే వస్తవ్ గద రాజా?"

బంటీ బానెట్ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. ఇంజను ఇంకా తిప్పనే లేదు... ఇనుము కాలుతోంది! బయట జోరున వాన. నిలబెట్టిన ప్రతి బండి కిందా కుక్కలు ముడుచుకుని పడుకున్నాయి. ఈ కారు కింద ఒక్కటీ లేదు. నేల పొడిగా, ఖాళీగా ఉంది.

"అతుల్... నాకు మంచిగ అనిపిస్తలేదు. పోదాం పా."

బంటీ వెళ్లిపోయాడు. అతుల్ ఆగిపోయాడు. అప్పుడు చీకట్లోంచి బువా గొంతు వినిపించింది.

"ధర గురించి ఫికర్ చెయ్యకు తమ్మీ. కొనాల్నా వద్దా అని నీ మనసుల కొట్లాట నడుస్తుంది, నాకు ఎరికే. అమావాస్య నాడు మిట్టపగటికి ఒక్కనివే రా. మీ ఇంట్ల ఎల్లమ్మ బుట్ట ఉంటది గద? దాంట్లకెల్లి చిటికెడు బండారు తే. బండికి శాంతి చేసి ఇస్త."

అతుల్‌కి అనుమానం రాలేదు. బండారు అంటే అమ్మవారి పసుపు. కొత్త బండి కొంటే మనవాళ్లు దానికి ఆ పసుపు పెట్టకుండా ఉంటారా? కానీ దాన్ని తల్లే తన చేత్తో ఇవ్వాలి. అడగకుండా అమ్మవారి పూజబుట్టలో చెయ్యి పెట్టకూడదు, గడప దాటించి పరాయివాడి చేతిలో పోయకూడదు. ఇదీ అతనికి తెలుసు. అడిగితే తల్లి ఊరుకోదు. నుదుటి నిండా కుంకుమ పెట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని, "నా కొడుకు గాడీ" అని గల్లీ అంతా చెప్పుకుంటూ వెంట వస్తుంది. ఆ ఎర్ర కారు పక్కన ఆమెను ఊహించుకోలేకపోయాడు.

అందుకే... తల్లి నీళ్లకు వెళ్లినప్పుడు బుట్టలో చెయ్యి పెట్టాడు!

ఇప్పుడు, ఈ చీకటి మధ్యాహ్నం, ఆ పసుపు వీరా బువా అరచేతిలో ఉంది. బువా వికటంగా నవ్వి దాన్ని కపాలం మీద చల్లాడు. ఫెళఫెళమని పిడుగు! తాళం చెవి లేకుండానే కారు గర్జించింది. రెండు హెడ్‌లైట్లు రక్తనేత్రాల్లా తెరుచుకున్నాయి!

అదే క్షణంలో... చాల్లో బోనం కుండ తోముతున్న రత్నాబాయి గుండె పట్టుకుని కేక వేసింది. కనబడని తాడు ఏదో నడుముకు బిగిసింది. చెక్క మెట్ల మీదుగా, బురద గల్లీల మీదుగా ఆమెను ఈడ్చుకుపోయింది. జుట్టు ముడి ఊడిపోయింది. చెప్పులు ఎక్కడో పడిపోయాయి. గ్యారేజీ తలుపు దగ్గరికి వచ్చేసరికి ఒళ్లంతా తడిసి, మాట రాక, పిచ్చిదానిలా గడప మీద నిలబడింది.

బువా తాపీగా అడిగాడు. "ఎవర్రా తమ్మీ, ఈ ఆడమనిషి?"

అతుల్ ఆలోచించలేదు. ఏళ్ల తరబడి అలవాటైన సిగ్గు అతని నోటితో మాట్లాడేసింది.

"తెల్వదు... మా చాల్ల యాడనో ఉంటది."

రత్నాబాయి కుప్పకూలింది!

"ఒక్కటయింది!" బువా పిచ్చి ఆనందంతో ఎగిరాడు. "ఎన్నేండ్లు తిరిగిన్రా ఈ శక్తి కోసం! దీని మీదికొచ్చే ఎల్లమ్మను ఈ పుర్రెల బంధిస్త. ఇంటి బిడ్డ చేతి పసుపు కావాలె... వచ్చింది. ఇంటి బిడ్డ నోటి మాట కావాలె... సగం వచ్చింది. ఇంకొక్కసారి అను, ఈమె నాకేం కాదని! బండి నీది. రేపటికెల్లి నువ్వు యాడోనివి అని ఎవ్వడు అడగడు!"

"మరి... అమ్మ?" అడిగాడు అతుల్.

"ఇప్పుడు అమ్మనా?" బువా కళ్లు నిప్పుల్లా మండాయి. "నిరుడు బోనాల నాడు టోపీ కప్పుకొని ఉరికినప్పుడు ఎవరు? ఆ దినమే నిన్ను ఏరుకున్న! ఆమె పానం పోతది. పోతే నీకు నష్టమేంది? సిగ్గు పీడ పోతది! అనవా... ఇద్దర్ని ఈ బండి కింద నలుపుత! అను!"

కారు గుర్రుమంటూ ముందుకు జరిగింది. అప్పుడు నేల మీద పడి ఉన్న తల్లి మెల్లగా తల ఎత్తింది. ఆ క్షణం ఆమెలో దేవత లేదు, దయ్యం లేదు. ఉత్త రత్నాబాయి ఉంది.

"అనురా బిడ్డా... ఏం గాదు," అంది ఆయాసపడుతూ. "నాకేం కొత్త కాదు. నువ్వు డబ్బా మర్చిపోయినవని ఒకసారి నీ జిమ్ము కాడికొచ్చిన. గేటు కాడ ఆయన అడిగిండు, నువ్వెవరు అని. నీ ఇంట్ల పనిచేసే బాయిని అని చెప్పిన. నీకు మంచిగుండాలె గద... నువ్వు గూడ అను. బండి తీస్కొ."

అతుల్‌కి ఆ డబ్బా గుర్తొచ్చింది. "మీ పనిమనిషి ఇచ్చిపోయింది" అని వాచ్‌మన్ చెప్పినప్పుడు అతను కాదనలేదు. పైగా, బతికిపోయాను అనుకుని, ఆ అన్నం కడుపునిండా తిన్నాడు.

భూమి చీలి తనను మింగేస్తే బాగుండునని అనిపించింది. కారు అద్దంలో తన ముఖం కనిపించింది. దాన్ని చూడలేకపోయాడు.

చదివేవారికి ఒక మాట చెప్పాలి. శిగం వచ్చిన తల్లి తనంతట తాను పలకదు. ఇంటి బిడ్డ ఎదురు నిలబడి, నుదుట బండారు పెట్టి, నువ్వెవరని అడగాలి. రాజలింగం ఉన్నన్నాళ్లూ అతను అడిగాడు. నిరుడు ఇంటి బిడ్డ పక్క గల్లీలో దాక్కుంటే, పొరుగువాళ్లు అడిగారు. తల్లి పలకలేదు. దేవత కూడా ఒక మాట కోసం అలా ఎదురుచూస్తుందా? అంత శక్తి ఉన్నది మన పిలుపు కోసం ఎందుకు ఆగుతుంది? నేను పూజ చేసుకునేటప్పుడు ఎన్నోసార్లు అడిగాను. జవాబు రాలేదు. కానీ ఆ రోజు జరిగింది ఇదీ...

అతుల్ బురదలో మోకాళ్ల మీద పడ్డాడు. అతని వేళ్ల సందుల్లో దొంగిలించిన పసుపు ఇంకా అంటుకుని ఉంది. ఆ వేళ్లను తల్లి నుదుటికి ఆనించాడు.

"ఈమె మా అమ్మ!" అని గొంతు చించుకుని అరిచాడు. "రత్నాబాయి మా అమ్మ! తల్లీ... ఎవరు వచ్చిండ్రు? నీ బిడ్డను అడుగుతున్న... పలుకు తల్లీ!"

వాన చప్పుడు ఆగిపోయింది!

రత్నాబాయి లేచింది. ఆమె లేస్తుంటే గ్యారేజీ కప్పు చిన్నదైపోయినట్టు అనిపించింది. విరబోసుకున్న జుట్టు గాలిలో నల్లని జ్వాలలా లేచింది. నుదుటి పసుపు నిప్పుకణంలా మెరిసింది. ఆమె నోటి నుంచి వచ్చిన గొంతు ఆమెది కాదు. వెయ్యి డప్పులు ఒక్కసారి మోగినట్టున్న గొంతు!

"ఎల్లమ్మను రా! నా బిడ్డ సిగ్గుపడ్డడు... అది నాకూ వానికీ ఉన్న ముచ్చట! దాని మీద నువ్వు బేరం పెడతవా?"

బువా మంత్రం అందుకున్నాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు! కపాలం ఫటేలున రెండుగా పగిలింది! హాహాకారం చేస్తూ అతను కారులోకి దూకి తలుపు వేసుకున్నాడు. పారిపోవాలని గేరు వేశాడు. తల్లి ఒక్క వేలు ఎత్తి బండిని చూపించింది.

అంతే! ఇన్నేళ్లూ మంత్రంతో అణిచిపెట్టిన వయసు ఒక్కసారిగా ఆ బండి మీద పడింది. తలుపుల కింది తుప్పు మంటలా పైకి పాకింది. ఎర్ర రంగు పొలుసులు పొలుసులుగా రాలింది. టైర్లు కుళ్లిపోయాయి. అద్దాలు గుడ్డి కళ్లలా తెల్లబడ్డాయి. లోపలి నుంచి గుద్దుతున్న చేతులు ముడతలు పడ్డాయి, ఎండిపోయాయి... ఎముకలయ్యాయి! చివరి ఆర్తనాదంతో కప్పు లోపలికి కూలింది. మిగిలింది గుప్పెడు ఎర్రటి తుప్పు. రేకుల సందుల్లోంచి కారిన వాన దాన్ని కూడా మోరీలోకి తీసుకుపోయింది.

గుడ్లగూబ లేదు. ఉరుము లేదు.

కాసేపటికి రత్నాబాయి కళ్లు నలుపుకుని చుట్టూ చూసింది. గడప మీద నిలబడి ఎర్ర బండిని చూసినదాకా తప్ప ఆమెకు ఏమీ గుర్తు లేదు. అతుల్ చెయ్యి అందించి లేపాడు. ఇద్దరూ చిన్న తుంపరలో ఇంటి దారి పట్టారు. టీ బండి దగ్గర నిలబడ్డవాళ్లు, జుట్టు విరబోసుకుని బురదలో తడిసిన ఆమెను వింతగా చూశారు.

"గాడీ ఏమాయె బిడ్డా? మంచిగ లేదా?" అని అడిగింది.

"లేదమ్మా. కొనలేదు."

"పోనీ, ఇంకోటి చూద్దువు." రెండడుగులు నడిచాక మళ్లీ అంది. "ఆడ నేనేమన్న అన్ననా? నువ్వేమన్నవ్?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. అతుల్ దాన్ని మింగేశాడు.

"నువ్వెవరో తెల్వదన్న అమ్మా."

రత్నాబాయి ఆగింది. కొడుకు ముఖం వైపు చూసింది. తర్వాత కొంగు పిండుకుంటూ, టీ బండి వాళ్లకు వినబడేటట్టే అంది.

"అట్లనా? మరి తెల్వని ఆడమనిషి చెయ్యి పట్టుకొని గల్లీల నడుస్తున్నవేందిరా? జనం ఏమనుకుంటరు?"

అతుల్ చెయ్యి వదలలేదు. తల మాత్రం ఎత్తలేకపోయాడు.