చెంబు గుర్తు

పొద్దున్నే బీడీల చాట ముందేసుకున్న స్వర్ణలత, పది బీడీలైనా చుట్టకముందే కడుపు పట్టుకుని ఒరిగిపోయింది. తాగిన చాయ్ అంతా కక్కేసింది.

అత్త మల్లవ్వకు అది కొత్త కాదు. సిరిసిల్లలో పుట్టింట ఉన్నప్పుడే తల్లి దగ్గర బొడ్డు నిలబెట్టడం నేర్చుకున్న మనిషి. కోరుట్లకు కోడలిగా వచ్చి నలభై ఏళ్లు. వాడకట్టులో ఎవరి కడుపు నొచ్చినా ఆమె ఇత్తడి చెంబే దిక్కు. బొడ్డు మీద చిన్న దీపం పెట్టి చెంబు బోర్లిస్తే అది కడుపును పట్టి గుంజుతుంది. జరిగిన బొడ్డు చోటుకు వస్తుందని నమ్మకం.

"మళ్ల జరిగినట్టుంది. ఎల్లెలుకల పండు" అంటూ మల్లవ్వ కోడల్ని వెల్లకిలా పడుకోబెట్టింది.

"అత్తమ్మా, గీసారి దవాఖానకు పోదాం."

"నాలుగుసార్లు నొప్పి తక్కువ చేసిన చెయ్యి, ఐదోసారి చెయ్యదా?"

చెంబు పెట్టినా తగ్గలేదు. మధ్యాహ్నానికి కడుపు కుండలా ఉబ్బింది. మల్లవ్వ కొడుకు ధనుంజయ్ దుకాణం నుంచి వచ్చి పెళ్లాన్ని చూశాడు.

"ఇగ చాలు అవ్వా. నీ పేరు కోసం దీని పాణం తీస్తవా?"

మల్లవ్వ చెంబు పక్కన పెట్టి, కోడల్ని పట్టుకుని ఆటో ఎక్కింది.

జగిత్యాల దవాఖానలో డాక్టరమ్మ కడుపు నొక్కి చూసింది. "ఇంతకుముందు ఎప్పుడన్న ఇట్ల వచ్చిందా? కడుపుకు ఆపరేషనేమన్న అయిందా?"

స్వర్ణలత అత్త వైపు చూసింది. "లేదు మేడం. ఇదే మొదలు."

"బొడ్డు చుట్టూ ఈ గుండ్రటి గుర్తేంటి?"

"వేడినీళ్ల సీసా పెట్టుకున్న."

అంత నొప్పిలోనూ కోడలు తన పరువు కాస్తోందని మల్లవ్వకు అర్థమైంది. తను ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకోలేకపోయింది.

"అబద్ధమమ్మా. ఉగాది నుంచి ఇది ఐదోసారి. ప్రతిసారి చెంబు పెట్టింది నేనే. ఆపరేషన్ కాలేదన్నది మాత్రం నిజమే."

డాక్టరమ్మ వెంటనే స్కాన్ రాసింది. సాయంత్రానికే ఆపరేషన్ అయింది.

"లోపలి హెర్నియా" అంది బయటికొచ్చి. "పేగుల్ని పట్టి ఉంచే పొరలో పుట్టుకతోనే చిన్న సందుంది. అందులోకి పేగు జారి ఇరుక్కుని దారి మూసుకుంది. పెద్దవాళ్లలో అరుదు, పైకి కనబడదు. ఇన్నిసార్లు దానంతటదే వెనక్కి వచ్చింది, చెంబుతోటి కాదు. వచ్చి పోయే నొప్పని మీరు చెప్పబట్టే అనుమానం వచ్చింది. ఇంకొంత ఆలస్యమైతే పేగు నల్లబడేది."

మూడో రోజు మల్లవ్వ కోడలి మంచం పట్టె మీద కూర్చుంది.

"డాక్టరమ్మకు ఎందుకట్ల అబద్ధం చెప్పినవే?"

"వాడకట్టుల నీ చెయ్యి చిన్నబోతదని."

మల్లవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. "నువ్వు లేకుంటే గా చెయ్యి ఏం జేసుకోను బిడ్డా?"

ఇంటికొచ్చిన వారానికి పక్కింటి శంకరవ్వ కడుపు పట్టుకుని వచ్చింది. "వదినె, జర చెంబు పెట్టు."

"చెంబు ఖాళీ లేదు. కోడలు దాంట్లనే జావ తాగుతుంది" అంది మల్లవ్వ, కాళ్లకు చెప్పులు తొడుక్కుంటూ. "నడువు, దవాఖానకు నేనూ వస్త."