మసేను పారేయని ముక్క

నిధి అనగానే జనానికి బంగారమే గుర్తొస్తుంది. పాపికొండల అడవిలో ఆ ముగ్గురూ పొద్దున్నుంచి ఈసురోమంటూ ఎక్కుతున్నది మాత్రం మట్టి కోసం. ముందు తుప్పలు నరుకుతూ దారి తీసే బుల్లిరెడ్డి, వెనక భూగర్భ శాస్త్రవేత్త మందాకిని, ఆ వెనక భుజాన ఇనప గొట్టంతో మసేను. మసేను భీమిలి జాలరి. ఒకప్పుడు మందాకిని పరిశోధనలు చేసే ఓడలో పనివాడు.

నదులు తెచ్చిపోసిన మట్టి బంగాళాఖాతం అడుగున పొరలుగా పేరుకుంటుంది. వానలు బాగా పడిన కాలంలో మందంగా, పడనప్పుడు పలచగా. ఓడవాళ్లు ఆ మట్టిని గొట్టంతో పైకి లాగి, ముక్కలు కోసి, పూర్వకాలపు వానల చరిత్ర తెలుసుకునేవారు. ఒకసారి అలా లాగిన మట్టిలో నడుమ దాదాపు వందేళ్ల మట్టి కనబడలేదు. ఆ ముక్కను మసేనే చెయ్యి జార్చి సముద్రంలో పడేశాడని అందరూ తేల్చేశారు. మందాకినీ తలూపింది. ఆ తర్వాత అతన్ని ఏ ఓడా ఎక్కించుకోలేదు.

అదే కాలపు గోదావరి వరద మట్టి పేరుకున్న గుహ ఒకటి ఉందని ఆమె కబురు పెడితే, నిజమేమిటో చూస్తానని వెంట వచ్చాడు.

బుల్లిరెడ్డి బయట ఆగాడు. మిగతా ఇద్దరూ ఇరుకు బిలంలోంచి పాకుతూ కిందికి దిగారు. లోపలంతా గబ్బిలాల కంపు. టార్చి వెలుగులో మట్టిగోడ కనబడగానే మందాకిని దాన్ని చేత్తో తడిమింది. కింద ఎర్ర చార, పైన నల్ల చార. ఓడలో ముక్క పోయిందన్న చోటికి కిందా పైనా చూసిన చారలే అవి. రెంటి నడుమా వరద మట్టి లేదు. నెర్రెలిచ్చిన తెల్లటి పెళుసు పొర, బొటనవేలంత మందాన.

మసేను గొట్టం గోడలోకి దిగ్గొట్టి, మట్టితో సహా బయటికి లాగాడు.

"వాగొత్తాంది! వచ్చెయ్యండి!" పైనుంచి బుల్లిరెడ్డి కేక.

గుహ అడుగునుంచి నీళ్లు ఉబికి వచ్చాయి. మసేను గొట్టం లాగుతూ బిలంలోకి దూరాడు. అది రాళ్ల మధ్య అడ్డం పడి వెనక దారి మూసేసింది. వెనక మందాకినికి నీళ్లు మెడదాకా వచ్చాయి.

"దాన్ని వదలకు మసేనూ! నీ సాక్ష్యం అందులో ఉంది."

"పోతే పోనీండమ్మా. ముందు సెయ్యియ్యండి."

గొట్టాన్ని బలంగా తన్ని నీళ్లలోకి తోసేసి, ఆమెను రెక్క పట్టుకుని పైకి లాగాడు.

బయట బండ మీద ముగ్గురూ తడిబట్టల్లా పడి ఉన్నారు. లేచే ఓపిక ఎవరికీ లేదు. మసేను అడిగాడు.

"ఏటుందమ్మా అందులో?"

"ఎండిపోయిన తెల్ల పొర తప్ప ఏమీ లేదు. ఆ వందేళ్లూ వానలే సరిగ్గా పడలేదు. నదులు మట్టి తెస్తే కదా సముద్రానికి చేరేది! నువ్వు ఏ ముక్కా పారెయ్యలేదు మసేనూ. పారెయ్యడానికి అక్కడ ముక్కే లేదు."

మసేను నీరసంగా నవ్వాడు. కళ్లు మాత్రం నిండాయి.

"అయితే ఇప్పుడు నిజింగానే పారీసినానమ్మా."

మందాకినికి ఏడుపు ఆగలేదు. అతని చెయ్యి ఇంకా పట్టుకునే ఉంది.

"ఓడలో అందరి ముందూ నిలబడి చెబుతాను," అంది. "అప్పుడు పారెయ్యలేదని, ఇప్పుడు నాకోసం పారేశావని చెబుతాను."