కిటికీలో రెండు పింగాణీ కుక్కలు

గుడ్రున్ తడిగుడ్డతో పింగాణీ కుక్కల్ని తుడుస్తోంది. జానెడు ఎత్తు, తెల్లటి ఒళ్ళు, ఎర్రటి చెవులు. ఫానో దీవిలోని సోండర్‌హో ఊళ్ళో పాత ఇళ్ళ కిటికీల్లో ఇలాంటి జత ఒకటి ఉంటుంది. మగవాడు సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ అవి వీధివైపు చూస్తాయి. అతను ఇల్లు చేరాక భార్య వాటి మొహాలు లోపలికి తిప్పుతుంది. గుడ్రున్ కుక్కలు రెండేళ్ళుగా వీధినే చూస్తున్నాయి.

ఎడమవైపు కుక్క కడుపు బోలు. అందులో అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్ ఉంది. ఆ సంగతి ఊరికి తెలియదు. ఆమె భర్త సోనిక్ ఉన్నది చమురు ఓడల్లో కాదనీ తెలియదు. సముద్రం అడుగు కేబుళ్ళు తెగ్గొట్టే ఒక విదేశీ ముఠాలో అతను దొంగపేరుతో చేరాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే శాఖ ఏజెంట్లు.

కిందటి వారం చీఫ్ హోల్గర్ పక్షుల్ని చూసేవాడి వేషంలో వచ్చి, ఇసుకదిబ్బల మీద ఆమెకు పని అప్పగించాడు.

"సోనిక్ ముఠాలోంచి బయటపడుతున్నాడు. గురువారం మధ్యాహ్నం నీ ఇంటికి వస్తాడు."

"ఇక్కడికెందుకు?"

"మన ఆఫీసులో ఎవరో ఆ ముఠాకు అమ్ముడుపోయారు. ఈ కబురు అనుమానం ఉన్నవాళ్ళకే చేరేలా చేశాను. నీ గుమ్మం ఎక్కినవాళ్ళే ద్రోహి."

"అంటే నా మొగుణ్ణి ఎరగా గుచ్చుతున్నారు."

హోల్గర్ బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకుని బాతుల్ని లెక్కపెట్టాడు. తరువాత సోనిక్‌కు ఏ సంకేతం పెట్టాలని అడిగాడు. దీవిలో అందరూ అనేమాటే ఆమె నోటికి వచ్చింది. కుక్కలు ఇల్లు చూసుకుంటుంటే రావచ్చు, లేకపోతే ఆగకుండా పోవాలి. హోల్గర్ పట్నం మనిషి. విన్నది విన్నట్టు రిపోర్టులో ఎక్కించాడు.

ఇప్పుడు గురువారం మధ్యాహ్నమైంది. గుడ్రున్ కుక్కల్ని మళ్ళీ వీధివైపు పెడుతుంటే తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, ఆ వెనుక ఆకుపచ్చ పట్టు స్కార్ఫుతో వివెకా వచ్చింది.

వివెకాకు శాఖ ఇచ్చిన ముసుగు టూరిస్ట్ గైడు ఉద్యోగం. పేరున్న నగరాలు విసుగెత్తినవాళ్ళని ఎవరూ ఎరగని యూరప్ పల్లెలకు తిప్పుతుంది. ఇవాళ ఆమె తెచ్చిన గుంపు వీధిలో గడ్డికప్పుల ఇళ్ళను ఫొటోలు తీస్తోంది. గుడ్రున్ పెళ్ళిలో అందరికంటే ఎక్కువసేపు డాన్సు చేసింది ఈ వివెకాయే. ఆమె పేరు మాత్రం కాకూడదని గుడ్రున్ వారమంతా కోరుకుంది.

వివెకా చెయ్యి హ్యాండ్‌బ్యాగులో ఉంది. "కూర్చో గుడ్రున్. సైలెన్సర్ ఉంది, ఊరికే శ్రమపడకు."

తరువాత కిటికీ వైపు చూసి నవ్వింది. "గడుసుదానివే. కుక్కలు ఇల్లు చూడాలని రిపోర్టులో ఉంది. నువ్వేమో వీధికేసి పెట్టావు. అతన్ని రావద్దంటున్నావా?"

ఈమెకు తెలియదు. మొహం వీధివైపు ఉంటేనే కుక్కలు ఇల్లు చూసుకుంటున్నట్టని తెలియదు.

"వద్దు వివెకా," అంది ఏడుపు గొంతుతో. "నీకు దణ్ణం పెడతాను, వాటిని తిప్పకు."

వివెకా రెండింటినీ ఇంటిలోపలికి తిప్పింది. అక్కడే నిలబడి ఫోనులో మెల్లగా చెప్పింది. "ఏ వేషంలోనైనా సరే, గుమ్మం దాటినవాడే సోనిక్. దాటగానే కాల్చండి." వీధిలో ఆమె గుంపులోని ఎర్రటోపీవాడొకడు కెమెరా సర్దుకున్నాడు. ఆ లెన్సు తుపాకీ గొట్టంలా మరీ పొడుగ్గా ఉంది. కుక్క కడుపులోని ట్రాన్స్‌మిటర్ ప్రతి మాటా దిబ్బల అవతల ఉన్న హోల్గర్‌కు చేరవేసింది.

ఇంతలో వంటింటి తలుపు తోసుకుని ఎదురింటి మారెన్ పిన్ని వచ్చింది. చేతిలో పొగపెట్టిన చేపల పళ్ళెం ఉంది. ఆమె చూపు నేరుగా కిటికీమీద పడింది.

"ఏమే అమ్మాయ్, కుక్కలు..."

"నేనే తుడిచి పెట్టాను పిన్నీ," గుడ్రున్ మధ్యలోనే అందుకుంది. "ఈమె నా స్నేహితురాలు."

ముసలామె బ్యాగులోంచి బయటికి రాని చేతిని చూసింది. గుడ్రున్ మొహం చూసింది. పళ్ళెం బల్లమీద పెట్టింది.

"నీ ఇల్లు, నీ కుక్కలు, నాకెందుకులే. చేప తినమను. ముళ్ళుంటాయని చెప్పు, ఊరికి కొత్తవాళ్ళకి గొంతులో దిగుతాయి."

ఆమె వెళ్ళిపోయింది. అర్థమైందో లేదో గుడ్రున్‌కు తెలియలేదు.

వీధి మలుపులో పైకప్పులు నేసేవాడొకడు కనిపించాడు. భుజంమీద రెల్లుకట్ట సగం మొహాన్ని కప్పేసింది. ఎడమకాలు కొంచెం ఈడ్చే ఆ నడకను గుడ్రున్ వెయ్యిమందిలోనైనా పోల్చుకోగలదు. అతను కిటికీని చూశాడు, ఆగాడు. పొమ్మని కుక్కలు చెబుతున్నాయి. అయినా అతని చెయ్యి గేటుమీద పడింది.

ఎందుకో ఆమెకు తెలుసు. రెండేళ్ళ తరువాత మొగుడొస్తున్నాడన్న సంబరంతో పెళ్ళామే తిప్పిందేమో అనుకుంటున్నాడు. సంకేతం ఒకటి చెబుతోంది, ఆశ ఇంకొకటి చెబుతోంది. గేటు కిర్రుమంది. ఎర్రటోపీవాడు కెమెరా ఎత్తాడు.

సోనిక్ తల ఎందుకో ఎదురింటివైపు తిరిగింది. మారెన్ పిన్ని మొగుణ్ణి సముద్రం మింగి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచీ ఆమె కుక్కలు వీధి వదిలి చూపు తిప్పింది లేదు. ఇప్పుడు వాటి వీపులు కనిపిస్తున్నాయి.

పోయినవాడు తిరిగిరాడు. ఆ ముసలామె ఊరికే అబద్ధమాడదు, ఇది తనకు హెచ్చరిక.

సోనిక్ గేటు వదిలేసి, కట్ట సర్దుకుని, కాలు ఈడ్చుకుంటూ ముందుకు సాగిపోయాడు. పల్లెటూరి పనివాడు ముచ్చటగా ఉన్నాడని గుంపులో ఒకావిడ అతన్ని ఫొటో కూడా తీసింది.

"ఎవడు వాడు?" అంటూ వివెకా కిటికీలోకి వంగింది. గుడ్రున్ బల్లమీది వేడి కాఫీ పాత్ర అందుకుని ఆమె చేతిమీద కుమ్మరించింది. పిస్టల్ నేలమీద పడింది. ఆ సరికి హోల్గర్ మనుషులు వీధి రెండువైపులా మూసేశారు. కెమెరా పేలలేదు.

వివెకా బొబ్బలెక్కిన చేతిని చూసుకుంటూ అడిగింది. "కుక్కలు ఇంటినే చూశాయి కదా?"

"ఇంటిని చూడటం వేరు, ఇల్లు చూసుకోవటం వేరు," అంది గుడ్రున్. గెలిచినట్టు అనిపించలేదు ఆమెకు.

వివెకాను తీసుకుపోయాక హోల్గర్ టోపీ తీసి నిలబడ్డాడు. ముఠాలో మిగిలినవాళ్ళు సోనిక్‌ను వెతుకుతారనీ, అతను వేరే పేరుతో వేరే దేశంలో బతకాలనీ చెప్పాడు.

"తీరంలో అతని కోసం పడవ ఉంది. సముద్రం వెనక్కి తగ్గేలోపు బయల్దేరాలి. నువ్వూ ఎక్కితే మళ్ళీ ఈ ఊరు రాలేవు. బాగా ఆలోచించుకో."

గుడ్రున్ నేలమీది కాఫీ తుడిచింది. గుడ్డ పిండి ఆరేసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి రెండు కుక్కలనూ మళ్ళీ వీధివైపు తిప్పింది. కోటు తొడుక్కుని, గుమ్మం దిగి పడవవైపు వెళ్ళిపోయింది.

ఇంట్లో మగవాడు లేడు, ఆడదీ లేదు. కుక్కలు మాత్రం ఇల్లు చూసుకుంటున్నాయి.