డిస్క్ వంద శాతం

“ఈశ్వరి దొరికిపోయింది.”

ఫోన్లో చీఫ్ గొంతు పొడిగా ఉంది. ఏజెంట్ మన్మథరావు చేతిలోని టీ గ్లాసు జారి బల్ల మీద ఒలికిపోయింది. నర్సీపట్నంలో లాప్‌టాప్ రిపేరు షాపు అతని ముసుగు. రిపేరు ఏదో ఓ మోస్తరుగా వచ్చు. గూఢచారికి గిరాకీ మరీ ఎక్కువగా ఉండకూడదు గనక, ఆ మోస్తరుతోనే నెట్టుకొస్తున్నాడు.

“ఎవరి చేతికి సార్?”

“బ్లాక్ స్కార్పియన్. పరదేశం ముఠా. పొద్దు వాలాక తాండవ రిజర్వాయర్ వైపు తీసుకెళ్లి చంపేస్తారు. ఇప్పుడు ఎక్కడ దాచారో తెలీదు. ఆమెని వీడియో తీసి వాళ్ల బాసుకి పంపారు. ఆ వీడియో ఉన్న లాప్‌టాప్ మనవాళ్లకి చిక్కింది.”

“అది మోస్తున్నవాడు?”

“జోగులని, ముఠాకి లోకల్ మనిషి. మనవాళ్లని చూడగానే నోట్లోని విషం గోళీ కొరికేశాడు. ఆస్పత్రిలో ఉన్నాడు, స్పృహ లేదు. లాప్‌టాప్ నీ మెట్ల మీద గోనెసంచిలో ఉంది. హెడ్ ఆఫీసు నుంచి డేటా ఎక్స్‌పర్ట్ రాజేశ్వరి వస్తోంది. చోటు కనిపెట్టు.”

లైన్ కట్టయింది.

ఈశ్వరిని ఆ ముఠాలోకి పంపింది మన్మథరావే. వేషం కట్టడం, గొంతు మార్చడం అన్నీ అతని దగ్గరే నేర్చుకుంది. తన సొంత చెల్లెలి మీద కూడా అంత బెంగ పెట్టుకుని ఎరగడు. మెట్ల మీది సంచి తెచ్చి, విప్పి లాప్‌టాప్ బయటికి తీశాడు.

పాత హార్డ్ డిస్క్ మోడల్. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ఛార్జర్ తగిలిస్తేనే ప్రాణం. స్విచ్ నొక్కాడు. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. తిరుగుతూనే ఉన్నాయి. చివరికి తెర తెరుచుకుంది గానీ, మౌస్ కదిపితే బాణం ఎప్పటికో కదులుతోంది. టాస్క్ మేనేజర్ తెరిచి చూశాడు. డిస్క్ దగ్గర ఎర్రగా వంద శాతం. దానికి ఊపిరి సలపడం లేదు.

“జీడిపప్పు ఉందాండీ?”

గుమ్మంలో నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్లద్దాలు. మెట్లెక్కి వచ్చినా ముఖాన చెమట చుక్క లేదు.

“పచ్చిదా, వేయించిందా?” అడిగాడు మన్మథరావు.

“పొట్టు తీయనిది.”

కోడ్ సరిపోయింది. రాజేశ్వరి కళ్లద్దాలు నెత్తి మీదకి నెట్టి తెర వైపు వంగింది. షాపంతా సెంటు వాసన కమ్మేసింది.

“స్విచాఫ్ మాత్రం చెయ్యకండి మన్మథరావు గారూ. ముసలి డిస్క్. ఆపితే మళ్లీ లేవదు. లోపల యాంటీవైరస్ స్కాన్ నడుస్తోంది, అది అయిపోనివ్వండి. మిగతా ప్రోగ్రాములన్నీ మూసేయండి.”

“బేగి అవుద్దా మేడమ్? అక్కడ పిల్ల ప్రాణం...”

“మీరు త్వరగా మూస్తే త్వరగా అవుతుంది.”

ఒక్కొక్కటే మూశాడు. అప్‌డేట్లు ఆపాడు. ఆన్ చేయగానే వాటంతటవే లేచే ప్రోగ్రాముల పీక నొక్కాడు. అయినా అంతే. లాప్‌టాప్ అడుగు పెనంలా కాలుతోంది. ఎత్తి చూసి నోరు తెరిచాడు. గాలి పోయే రంధ్రాల నిండా ఎండిపోయిన పసుపు, కుంకుమ! దసరాకి జోగులు దీనికి ఆయుధపూజ చేశాడన్నమాట. తిన్నది పరదేశం ఉప్పయినా, పసుపు పూయడంలో మాత్రం లోటు చెయ్యలేదు మహానుభావుడు.

పెన్ను మీట నొక్కితే సన్నటి కత్తి బయటికొచ్చింది. పసుపంతా గీకి కాగితం మీద పోగేశాడు. మిగిలింది ఊదడానికి బ్లోయర్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పటికే ఫ్యాన్ రయ్యిమంది. మిషన్ చురుగ్గా కదిలింది. రాజేశ్వరి మొదటిసారి నవ్వింది.

వీడియోల ఫోల్డర్ తెరుచుకుంది. నాలుగున్నాయి. మన్మథరావు రెప్ప వేసి తెరిచేసరికి మూడున్నాయి. తర్వాత రెండు.

మళ్లీ టాస్క్ మేనేజర్ వైపు చూశాడు. స్కాన్ అంటే డిస్క్‌ని చదవడం. ఇక్కడ చదవడం సున్నా, రాయడం మాత్రం వరదలా ఉంది. ఉన్నదాని మీద చెత్త రాసుకుంటూ డిస్క్ మొత్తాన్ని తుడిచేస్తోంది ఏదో ప్రోగ్రాం. ఇంతసేపూ తను చెమటోడ్చి దానికే దారి ఊడ్చి పెట్టాడు!

“మేడమ్, ఇది స్కాన్ కాదండీ.”

“కాదు.” ఆమె చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు మెరిసింది. హెడ్ ఆఫీసులోనే ముఠా మనిషి! “పరాయివాళ్లు తెరిస్తే తనంతట తానే తుడిచేసుకుంటుంది. ఎప్పుడో అయిపోవాల్సింది. ఆ వెధవ పసుపు అడ్డం పడింది. శుభ్రం చేసి పెట్టారు, థ్యాంక్స్.”

“ఈశ్వరి ఎక్కడుంది?”

“ఇంకో నిమిషం ఆగితే ఎవరికీ తెలీదు.”

మన్మథరావు బ్లోయర్ మీట నొక్కేశాడు. పోగుపెట్టిన పసుపంతా లేచి రాజేశ్వరి కళ్లలో పడింది. తూటా సీలింగ్ ఫ్యాన్‌కి తగిలింది. అతను కాలితో ఛార్జర్ తీగ లాగేశాడు. తెర చప్పున నల్లబడింది. మరుక్షణం పిస్తోలు అతని జేబులో ఉంది, రాజేశ్వరి అదే ఛార్జర్ తీగతో కుర్చీకి కట్టేసి ఉంది.

డిస్క్ ఊడదీశాడు. దాంతోనే మిషన్ మొదలెడితే తుడిచే ప్రోగ్రాం మళ్లీ లేస్తుంది. అందుకని కేబుల్ వేసి తన కంప్యూటర్‌కి రెండో డిస్క్‌గా తగిలించాడు. టిక్కు టిక్కుమని మూలిగింది. ఒక్క వీడియో మిగిలింది. కాపీ గీత సగం వచ్చి ఆగింది. కిటికీలో ఎండ అప్పుడే ఎర్రబడుతోంది.

“తల్లీ, ఈ ఒక్కపాలికి సావకే,” అని డిస్క్‌ని బతిమాలాడు.

గీత కదిలింది. వీడియో తెరుచుకుంది. ఈశ్వరి ముఖం, వెనకాల బస్తాలు, సున్నం వెలిసిన గోడ. అంతే, బొమ్మ బిగుసుకుపోయింది. అలాంటి గోడౌన్లు ఈ చుట్టుపక్కల ఎన్నో! మన్మథరావు బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పిల్లని తనే చంపుకున్నాననిపించింది.

బొమ్మ ఆగినా శబ్దం ఆగలేదు.

“నాతవరం, నాతవరం! ఇంకొక్కరే బాబూ, ఇంకొక్కరే!”

షేర్ ఆటో దేవుళ్లు గొంతు. మన్మథరావు తలెత్తాడు. స్పీకర్ కట్టేశాడు. గొంతు మాత్రం ఆగలేదు, కిటికీలోంచి వస్తోంది. గోడౌన్ తన వీధిలోనే, ఆటో స్టాండు వెనకే ఉంది!

మూడేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తాడు. తాండవ దారిలో నాతవరం వెళ్లే దేవుళ్లు ఆటో జనంతో కిక్కిరిసి ఉంది. వెనక సీట్లో ముసుగు తన్నిన పేషెంటు, చెరో పక్కన మాస్కు పెట్టుకున్న ఇద్దరు మనుషులు. వీధి చివర పోలీసులు కార్లన్నీ ఆపి చూస్తున్నారు గానీ, షేర్ ఆటోని ఎవరాపుతారు? ఎత్తు మంచిదే.

“వెళ్లు! పేషెంట్! అర్జెంట్!” అన్నాడు మాస్కువాడు, వచ్చీరాని తెలుగులో.

“పేషెంటైనా ఒక సీటే కదండీ. ఇంకొకరొస్తేగానీ బండి కదల్దు,” అన్నాడు దేవుళ్లు తాపీగా.

ఖాళీ సీటు డబ్బులు కూడా మనమే ఇచ్చేస్తే బయల్దేరతాడని చెప్పాల్సిన జోగులు ఆస్పత్రిలో పడున్నాడు. ఆ సంగతి ఏ దేశపు ట్రైనింగులోనూ చెప్పరు.

“నానొస్తాను,” అని మన్మథరావు ఇరుక్కుని కూర్చున్నాడు.

“నిండిపోనాది, పదండి!” దేవుళ్లు తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమంది.

“జీడిపప్పు ఉందాండీ?” అన్నాడు మన్మథరావు మెల్లగా.

ముసుగు కింద తల కదిలింది. ఆ పళంగా లిప్‌స్టిక్ పిస్తోలు ఒకడి డొక్కలో గుచ్చుకుంది. రెండోవాడు కత్తి తీశాడు. ఈశ్వరి కట్టేసిన రెండు కాళ్లూ ఎత్తి వాడి గడ్డం మీద తన్నింది. వాడు రోడ్డు మీద పడ్డాడు. కేకలకి పోలీసులు పరిగెత్తుకొచ్చారు.

మన్మథరావు ఆమె నోటికి కట్టిన గుడ్డ విప్పాడు. అతని కళ్లలో నీళ్లు ఆగడం లేదు.

“ఇంతసేపేటండీ గురువుగారూ!” అంది ఈశ్వరి.

“డిస్క్ స్లో అమ్మా.”

గొడవకి బెదిరి మిగతా ప్యాసింజర్లు ఎప్పుడో దిగిపోయారు. దేవుళ్లు ఖాళీ సీట్ల వైపు దిగులుగా చూసి, బేడీలు వేస్తున్న ఎస్సై దగ్గరికెళ్లాడు.

“బాబూ, ఈళ్లని నాతవరం స్టేషన్‌లో పెట్టకూడదేటండీ? ఇంకొక్కరొస్తే ఎల్లిపోదుం.”