విప్పి కట్టిన ముడుపు

మంగళవారం పొద్దున్నే సోమమ్మ గూట్లో దీపం వెలిగించి, పోచమ్మ పటం పక్కన వేలాడుతున్న పసుపు గుడ్డ ముడుపుకి దండం పెట్టుకుంది. మూడు నెలలుగా ఇదే పని. ముడుపు కట్టింది కోడలు ధనలక్ష్మి. మొగుడి చెయ్యి నయం కావాలనే కట్టిందని ముసలామె నమ్మకం. అడగాలనే అనిపించలేదు.

కొడుకు దశరథ్ గడప మీద కూర్చుని ఎడమచేత్తో చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాడు. కుడిచేతికి బొటనవేలూ, చూపుడువేలూ మాత్రమే మిగిలాయి; మిగతా మూడూ మూడు నెలల కింద కంపెనీలో ప్రెస్ మిషన్ కింద నలిగి పోయాయి. పని నెమ్మదిస్తోందని చెయ్యి అడ్డొస్తే ఆ మిషన్‌ని ఆపే సెన్సర్‌ని తీయించింది సూపర్‌వైజర్ కామేశ్వరరావు. తప్పంతా దశరథ్‌దేనని కాగితం రాసిందీ ఆయనే. రేపు దాని మీద సంతకం పెడితేనే గేటు దగ్గర కూర్చునే పని ఇస్తారట.

"పెడత తియ్. కొట్లాడే ఓపిక లేదు నాకు. దేవుడున్నడు, సూస్తడు" అన్నాడు దశరథ్.

"సూస్తనే ఉన్నడు మూడు నెలల సంది!" ధనలక్ష్మి చాయ్ గిన్నె ఠపీమని కింద పెట్టింది.

అప్పుడే డ్యూటీకి పోతూ పక్కింటి శ్రీశైలం బండి ఆపాడు. అతనిదీ అదే కంపెనీ.

"అన్నా, ఎర్కేనా? కామేశ్వరరావు సారు బిడ్డ చెయ్యి లిఫ్టు తలుపుల ఇరికిందట. ఆరేండ్ల పిల్ల. వేళ్లు ఉంటయో పోతయో తెల్వదంటున్రు. ఇగ తెలుస్తది సారుకు."

బండి పోయింది. ధనలక్ష్మి ఉన్నచోటే కూలబడింది.

"నేనే అత్తమ్మా! ఆ ముడుపు ఈయన కోసం కట్టలే. వాళ్లింట్ల గూడ ఒక చెయ్యి గిట్లనే పోవాలని మొక్కిన. పసిపిల్ల చెయ్యి అనుకోలే..."

సోమమ్మ ముడుపు వైపు తిరిగింది. "గీ దానికా నేను రోజూ దీపం పెట్టింది?"

"మరెవర్ని అడగాలె? కంపెనీల వినరు. ఈయనేమో నోరిప్పడు!"

సోమమ్మకు కోపం తెచ్చుకునే శక్తి కూడా లేదు. మెల్లగా వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"పోచమ్మ తల్లి నువ్వు జెప్పిన పని జేసే జీతగత్తె కాదు బిడ్డా. పసిదాని వేళ్లు తెచ్చి నీ మొక్కు తీరుస్తదా? అది లిఫ్టు తలుపులతోటి అయింది, నీ మొక్కుతోటి గాదు. న్యాయం అడుగు, గట్టిగ అడుగు. ఎవనికెంత శిక్షో ఆమెకు ఇడిసిపెట్టు."

తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నువ్వు గూడ ఇను. దేవుడు సూస్తడనుకుంట అబద్ధం మీద సంతకం పెడితే, ఇగ ఆయన సూసేటందుకు ఏం మిగులుతది?"

దశరథ్ కుడిచేతిని తువ్వాల కిందికి ఇంకాస్త లాక్కున్నాడు.

ముసలామె ముడుపు విప్పింది. బియ్యం, పసుపుకొమ్ము, రూపాయి బిళ్ల కోడలి ఒళ్లో పోసింది.

"ఇప్పుడు మొక్కు."

"ఆ పిల్ల చెయ్యి మంచిగ కావాలె..." అంటుండగానే ధనలక్ష్మికి ఏడుపు తన్నుకొచ్చింది. "నా మొగనికి న్యాయం కావాలె."

మళ్లీ మూట కట్టబోయింది గానీ గుడ్డ కొసలు జారిపోయి ముడి పడలేదు. దశరథ్ లేచి వచ్చి, ఇన్నాళ్లూ తువ్వాల కింద దాచుకున్న కుడిచేతిని చాపాడు. ఆ రెండు వేళ్లతో గుడ్డ కొసలను అదిమి పట్టుకున్నాడు.

"కట్టు. రేపు నేను సంతకం పెట్ట. సెన్సర్ తీసిన సంగతి లేబర్ ఆఫీసుల నేనే చెప్త."

ముడి గట్టిగా పడేదాకా ఆ వేళ్లు కదలలేదు.