కోయాల్సిన కిడ్నీని ముందే కోసిందెవరు?

కిడ్నీ ఉంది. అందులో గడ్డే లేదు.

ఉదయం ఏడున్నర. బిష్కెక్ ఆసుపత్రి శిక్షణ గది. బొమ్మ పొట్ట మూత తీసి చూసింది సర్జరీ నేర్చుకుంటున్న డాక్టర్ చోల్పోన్.

రేపు ఆపరేషన్ చేయించుకోబోయే బస్సు డ్రైవర్ స్కాన్ చూసి అచ్చుపోసిన సిలికాన్ కిడ్నీ అది. ఇంకొకటి పోయాలంటే వారం పడుతుంది. ఈరోజు కెమెరా గొట్టంతో దానిమీద సరిగ్గా చేసి చూపిస్తే, రేపటి అసలు ఆపరేషన్ ఆమెదే. జీవితంలో మొదటిది.

ఎవరో ముందే గడ్డ కోసి తీసి, కుట్టేశారు.

పోలీసు కెప్టెన్ సాగిన్ వచ్చాడు.

"రబ్బరు ముద్దకి పోలీసులా, దమీరా అక్కా?"

"ఎగతాళి ఆపు తమ్ముడూ," అంది ప్రొఫెసర్ దమీరా. "రిహార్సల్ లేకుండా ఈ పిల్ల చేతికి మనిషిని అప్పగించను. రేపు నేనే చేస్తా."

చోల్పోన్, దమీరా కాక గది తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఒకడు గది చూసుకునే తాలాయ్. రెండోవాడు చోల్పోన్‌తో శిక్షణ పొందుతున్న ఎర్మెక్.

"రాత్రి ఎక్కడున్నావ్ తాలాయ్?"

"మా అక్క కొడుకు పెళ్ళిలో సార్. తెల్లారేదాకా పాడుతూనే ఉన్నా. కావాలంటే నా గొంతు వినండి."

"నువ్వు, ఎర్మెక్?"

"ఇంట్లో పడుకున్నా."

"చోల్పోన్‌ని ఎంచుకున్నారని మంటగా లేదా?"

"నాకెందుకు సార్? ఎవరి అదృష్టం వాళ్ళది."

మంట లేకేం. ఆమెకన్నా ముందు చేరినవాడు. పేరు మాత్రం ఆమెకే వచ్చింది. కానీ కడుపుమంటను కోర్టులో సాక్ష్యంగా పెట్టలేం కదా.

మధ్యాహ్నం సాగిన్ అందరినీ టీకి కూర్చోబెట్టాడు. ట్రేలో కిడ్నీ పెట్టాడు.

"కేసు తేలింది. దొంగ చోల్పోనే."

"నేనా?" ఆమె టీ కప్పు కింద పెట్టేసింది.

"దొంగచాటుగా ప్రాక్టీసు చేశావ్. ఇంత సన్నటి కుట్టు ఇక్కడ నీకు తప్ప ఇంకెవరికొచ్చు? ఈ ఎర్మెక్ వల్ల అవుతుందా?"

ఎర్మెక్ ముఖం కందిపోయింది.

"ఆమె కుట్టా ఇది? ఆ లోపలి మూల చూడండి. అక్కడ సూది తిప్పడం ఆమెకి ఇప్పటికీ..."

ఆగిపోయాడు. ఆలస్యమైంది.

సాగిన్ రొట్టె తుంచుకున్నాడు. "చెడగొట్టాలనుకున్నవాడు ఒక్క గాటు పెట్టి పోతాడు. వీడు కూర్చుని కుట్టాడు. ఎవరైనా చూడాలని. మీరంతా కోత దగ్గరే ఆగిపోయారు, కుట్టు సంగతి ఆలోచించలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంటే తప్పించుకునేవాడే. పొగడ్త ఆమెకి పోతుంటే ఓర్వలేకపోయాడు."

"ఒక్కసారైనా నా పనితనం చూస్తారనుకున్నా దమీరా అక్కా," అన్నాడు ఎర్మెక్.

దమీరా ట్రే దగ్గరకు లాక్కుని చాలాసేపు చూసింది.

"ఇంత బాగా నేనూ కుట్టలేను. అయినా మనిషి ఒంటిమీద నిన్ను చెయ్యి వెయ్యనివ్వను. తాళం ఇచ్చి వెళ్ళు."

అతను వెళ్ళాక చోల్పోన్ ఆ లోపలి మూలను వేలితో తడిమింది. రేపటి ఆపరేషన్ చేజారినందుకు ఏడుపు రావాలి. రాలేదు. ఆ కుట్టు తనది కానందుకు కుళ్ళు పుట్టింది.